పొద్దున్నే ఆకు తిరగేసి చూడండి

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మావారి ఉద్యోగం వల్ల రెండేళ్లుగా సునాబెడలో క్వార్టర్లో ఉంటున్నాం. వంటింటి బుట్టలో మొలకలొచ్చిన బంగాళాదుంపల్ని పారెయ్యబుద్ధి కాక, ఇక్కడి ఒడియావాళ్లు జూన్ నడుమ చేసుకునే రజ పండగ వెళ్లిన వారంలో పెరట్లో రెండు బోదెల మీద, నాలుగు సిమెంటు గోతాల్లో పాతాను. ఇప్పటికి అరవై రోజులు. మొన్నటిదాకా నవనవలాడాయి. వారం రోజులుగా ముసురు పట్టింది, అప్పట్నించీ ఏదో ఒకటి. మొదటి బోదెలో కింది ఆకులు పసుపెక్కి గోధుమరంగు మచ్చలు పడ్డాయి. ఒక గోతంలో మొక్క ఆకులు దొన్నెల్లా పైకి ముడుచుకున్నాయి. వంగమొక్కల పక్కనున్న రెండు మొక్కల ఆకులు జల్లెడలయ్యాయి. నిన్నట్నించి చివరి బోదెలో ఆకుల కొసలు ఉడికినట్టు నల్లబడుతున్నాయి. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) యూరియా చల్లమంటోంది. మా మరిది మిరపకి కొట్టే పురుగుమందు సీసా పంపాడు. నాలుగు ఫొటోలు పంపుతున్నాను. ఏ మందు కొట్టమంటారు?
ఒక గృహిణి, సునాబెడ, కొరాపుట్ జిల్లా

జవాబు: అమ్మా, ముందు చివరి బోదె సంగతి చూద్దాం. మిగతా మూడూ ఒక వారం ఆగినా కొంప మునగదు. అది మాత్రం ఆదివారం దాకా కూడా ఆగదు.

మీ నాలుగో ఫొటో మసగ్గా ఉంది. అయినా చూడగానే గుండె ఝల్లుమంది. ఆకు కొసన మొదలైన మచ్చ, మధ్యలో నలుపు, చుట్టూ నీళ్లు పీల్చినట్టు ముదురాకుపచ్చ అంచు. పైగా వారం రోజుల ముసురు, 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఇవన్నీ కలిస్తే నా అనుమానం లేట్ బ్లైట్ అనే ఆకుతెగులు మీదికే పోతుంది. ఫొటో చూసి తీర్పు చెప్పడం నాకు ఇష్టం ఉండదు, మీరే తేల్చుకోండి. రేపు ఆరింటికే లేచి, వెలుతురు రాగానే, మచ్చ ఉన్న ఆకుని తుంచి వెనక్కి తిప్పండి. నలుపూ పచ్చదనమూ కలిసే అంచున పలచటి తెల్లటి నూగు ఉందేమో చూడండి. పాత రొట్టె మీద మొదటిరోజు పట్టే బూజులా ఉంటుంది. ఉంటే ఇక సందేహం లేదు. తొమ్మిదింటికి, తీరికగా కాఫీ తాగి వెళితే ఆ నూగు కనపడదు. గాలి పొడిబారగానే అణిగిపోతుంది. చాలామంది మధ్యాహ్నం చూసి ఏమీ లేదనుకుని మోసపోయేది ఇక్కడే.

నూగు కనపడకపోయినా అనుమానం తీరకపోతే ఇంకో పని చెయ్యండి. మచ్చ ఉన్న ఆకుల్ని రెండు మూడు కోసి, తడిపిన కాగితం ముక్కతో పాటు పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టి, వంటింట్లో నీడన ఒక రాత్రి ఉంచండి. లేట్ బ్లైట్ అయితే పొద్దుటికి ఆ నూగు ఆకు వెనక మొలుస్తుంది. ఆ కవరు విప్పకుండానే చెత్తలో పారెయ్యండి, పెరట్లోకి తీసుకెళ్లకండి.

దీనిలాగే కనపడే దొంగ ఒకడున్నాడు. పచ్చదోమ రసం పీల్చినా ఆకు కొసా అంచులూ మాడతాయి. కానీ ఆ మాడు పెళుసుగా, పొడిగా ఉంటుంది. ముందు పసుపు, తర్వాత గోధుమరంగు. ఉడికినట్టు ఉండదు, వెనక నూగు ఉండదు. మొక్కని కదిపితే సన్నటి పచ్చని పురుగులు పక్కవాటుగా పరిగెడతాయి. అదీ వానలు ఆగి ఎండ కాసిన రోజుల్లో ఎక్కువ. వారం ముసురులో పచ్చదోమకి అంత బలం ఉండదు.

ఇంత గాభరా ఎందుకంటే నేను ఒకసారి దెబ్బ తిన్నాను. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కితే గాలే మారిపోతుందని మీకు తెలుసు. నేను కొత్తగా ఆ ఘాటీ ఎక్కి పొట్టంగి వైపు కాపురం పెట్టిన ఏడు, ఇంటి వెనక నాలుగు వరసలు బంగాళాదుంప వేశాను. ఇలాగే ముసురు, ఇలాగే ఆకు కొసలు నలుపు. బజారుకెళ్లి ఒక దుకాణంలో చూపిస్తే అతను ఆకు వంక కూడా సరిగా చూడకుండా పురుగుమందు సీసా చేతిలో పెట్టాడు. పురుగు లేనిచోట పురుగుమందు కొట్టి నిశ్చింతగా పడుకున్నాను. మూడోనాటికి నాలుగు వరసలూ ఎవరో మరిగే నీళ్లు కుమ్మరించినట్టు వాలిపోయాయి. కుళ్లిన ఆకుకూర వాసన. పోనీలే దుంపలైనా దక్కుతాయని అదే రోజు తవ్వి బుట్టలో పోసి మంచం కింద పెట్టాను. పదిరోజులకి ఆ వాసన మంచం కిందనించి వచ్చింది. ఆ రోజు నేను చేసినవి రెండు తప్పులు. ఒకటి మందు, రెండోది ఆ తొందరపు తవ్వకం. రెండోదాని సంగతి చివర్లో చెబుతాను.

ఈ తెగులుని అందరూ బూజు అంటారు కానీ ఇది అసలు బూజు జాతి కాదు. నీళ్లలో పెరిగే నాచులకి దగ్గరి చుట్టం. అందుకే దీనికి అంత తడి కావాలి. రాత్రి చల్లగా ఉండి, ఆకు గంటల తరబడి తడిగా ఉంటే ఒక్క మచ్చలోనించి వేలకొద్దీ బీజాలు పుట్టి వాన చినుకుతో, గాలితో పక్క మొక్కకి చేరతాయి. 1845లో ఐర్లండు దేశంలో బంగాళాదుంప పంటని తుడిచిపెట్టి కరువు తెచ్చిందీ ఇదే, ఆ కరువులో పది లక్షలమంది దాకా పోయారు. ఇది బూజు కాదన్న మాట మీకెందుకంటే, దుకాణాల్లో ఏ మచ్చకైనా చేతికందించే కార్బెండజిమ్ అనే బూజుమందు దీనిమీద పనిచెయ్యదు. డబ్బులిచ్చి పొడి చల్లుకున్నట్టే. ఆ పేరున్న పొట్లం ఇస్తే వెనక్కి ఇచ్చెయ్యండి.

నూగు కనపడిందనుకోండి. మచ్చ పడ్డ ఆకులు కొద్దిగానే ఉంటే, వాన లేని గంట చూసుకుని వాటిని కత్తిరించి మూటకట్టి బయటికి పంపండి, లేదా దూరంగా మూరెడు లోతున పాతిపెట్టండి. గెత్తం కుప్పలో వెయ్యొద్దు. ఆ కత్తెర కడగకుండా మంచి మొక్క ముట్టొద్దు. అలా ఆకులు కత్తిరించిన మొక్కలకి సైమోక్సానిల్, మాంకోజెబ్ రెండూ కలిసిన పొడి దొరుకుతుంది, లీటరు నీటికి 3 గ్రాములు. మచ్చ ఇంకా రాని మొక్కలకి ఉత్త మాంకోజెబ్ 75 శాతం పొడి లీటరుకి రెండున్నర గ్రాములు చాలు. అది మచ్చని మాన్పదు, రాకుండా అడ్డుపడుతుందంతే. ఏది కొట్టినా ఆకు వెనక తడవాలి. పైపైన చల్లి వచ్చేస్తే ఇంటి ముందు గుమ్మం కడిగి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టినట్టు. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పిల్లల్ని ఆ పూట పెరట్లోకి రానివ్వకండి. ఎన్నాళ్లకి మళ్లీ కొట్టాలో, కొట్టాక ఎన్నాళ్లు ఆగి దుంప తినాలో పొట్లం మీద రాసి ఉంటుంది, దాన్ని చదివించుకోండి. పక్కన టమాటా ఉంటే దాన్నీ చూసుకోండి, ఇది టమాటాకీ అంటుకుంటుంది.

పొట్లం మందులు ఇంట్లోకి తేవడం ఇష్టం లేకపోతే పాత పద్ధతి ఒకటుంది, బోర్డో మిశ్రమం. మైలుతుత్తం 10 గ్రాములు అర లీటరు నీళ్లలో, సున్నం 10 గ్రాములు ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి, వడగట్టి, తుత్తం నీళ్లని సున్నం నీళ్లలో పోస్తూ కలియబెట్టాలి. ప్లాస్టిక్ బకెట్లోనే సుమా, ఇనప గిన్నెలో కాదు. కలిపాక మెరుస్తున్న చాకు ఒకటి అందులో నిమిషం ముంచి తీయండి. చాకు మీద రాగి ఎరుపు పట్టిందంటే తుత్తం ఎక్కువైంది, ఆకు మాడుతుంది. ఇంకాస్త సున్నం పోసి మళ్లీ చాకు ముంచండి. ఎరుపు పట్టడం మానేసేదాకా అంతే. కలిపిన రోజే కొట్టెయ్యాలి, మర్నాటికి పనికిరాదు. ఇది కూడా రాకుండా ఆపేదే. మచ్చలు వచ్చేశాక దీన్ని నమ్ముకోవద్దు.

చివరి బోదె గురించి ఇంత చాలు. మొదటి బోదెకి రండి.

ఆ ఫొటో బాగా వచ్చింది. మచ్చలు కింది ముదురాకుల మీదే ఉన్నాయి, మొవ్వు దగ్గర ఒక్కటీ లేదు. మచ్చ లోపల ఒకదానిలో ఒకటి వలయాలు ఉన్నాయి చూడండి, ఉల్లిపాయని అడ్డంగా కోస్తే కనపడేట్టు. చుట్టూ పసుపు. మచ్చ మధ్య పొడిగా, వేలితో నొక్కితే కాగితంలా విరుగుతుంది. ఇది ఎర్లీ బ్లైట్. ఇది నిజంగా బూజు జాతే. ఈ ఎర్లీ, లేట్ అన్న పేర్లు ఎవరు పెట్టారో కానీ జనాన్ని తికమక పెడుతున్నాయి. లేటు వాడు ముందే రావచ్చు, ముందు వాడు పంట ఆఖర్న రావచ్చు. పేరు వదిలెయ్యండి. కింద మొదలై వలయాలతో పొడిగా ఉంటే ఒకటి, కొసల్లో మొదలై వలయాలు లేకుండా తడిగా ఉంటే రెండోది. ఇంతే తేడా.

ఎర్లీ బ్లైట్ మెల్లగా నడుస్తుంది. తిండి చాలని మొక్కని, అలసిన మొక్కని పట్టుకుంటుంది. మచ్చ పడ్డ కింది ఆకుల్ని తుంచెయ్యండి, నేలకి ఆనే ఆకులు ఉంచకండి. చివరి బోదెకి కొట్టే మాంకోజెబ్ దీనికీ పనికొస్తుంది, వేరే ఖర్చు అక్కర్లేదు. మచ్చలేమీ లేకుండా ఆకు మొత్తం ఒకేలా పాలిపోయి రాలుతుంటే అది రోగమే కాదు. కింది ఆకుకి వెలుగు అందక రాలుతుంది, లేదా ఎనభై రోజులు దాటాక మొక్క తన బలమంతా దుంపలోకి దింపుకుంటూ పండిపోతుంది. ఆ పసుపు చూసి కంగారుపడి నీళ్లు కుమ్మరించేవాళ్లు బోలెడుమంది.

మీ మావుసి మాటలో అబద్ధమేమీ లేదు. నత్రజని చాలకపోతే కింది ఆకులు పసుపెక్కుతాయి, ఎర్లీ బ్లైట్‌కి లోకువవుతాయి. కానీ యూరియా వెయ్యాల్సింది పాతిన నెల లోపల, మట్టి ఎగదోసేటప్పుడు. అరవయ్యో రోజున, అదీ ముసురులో వేస్తే ఆకు లేతగా గుబురుగా పెరిగి తడి ఆరదు. లేట్ బ్లైట్‌కి పీట వేసి ఆకు పరిచినట్టవుతుంది. దుంప ఊరడమూ వెనకబడుతుంది. కాబట్టి ఈసారికి వద్దని ఆవిడకి నెమ్మదిగా చెప్పండి. ఆవిడతో మంచిగానే ఉండండి, వచ్చే ఏడు విత్తనం దుంప ఎక్కడ దొరుకుతుందో ఆవిడకే తెలిసి ఉంటుంది.

మరిది పంపిన సీసా మాత్రం మూత తియ్యొద్దు. మిరప మీద తామర పురుగుకి కొట్టేది మీ మచ్చలకి ఎందుకూ కొరగాదు. పనికొచ్చే పురుగుల్ని చంపుతుంది. ఆ పనికొచ్చే పురుగు ఎవరో ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే మీ మూడో ఫొటోలో దానికి అచ్చం కవలలాంటి శత్రువు కూర్చుని ఉంది.

జల్లెడైన ఆకు మీద ఒక గుండ్రటి పురుగు ఉంది చూశారా? ఎర్రగోధుమ రంగు, ఒంటి నిండా నల్లచుక్కలు. మన రైతులు అక్షింతల పురుగు అంటారు. లెక్కపెడితే చుక్కలు 28 దాకా ఉంటాయి. వంగ దీనికి పుట్టిల్లు, బంగాళాదుంప అత్తిల్లు. ఆకు వెనక పసుపు రంగు గుడ్లు నిలబెట్టి గుంపుగా పెడుతుంది. ఒంటినిండా ముళ్లున్న పచ్చని పసుపు పిల్లపురుగులు ఈనెలు వదిలి మధ్య పచ్చదనమంతా గీకి తింటాయి, అందుకే ఆకు జాలీగుడ్డలా మిగులుతుంది. జల్లెడైనవి రెండే మొక్కలు, దీనికి మందెందుకు? పొద్దున్న లేట్ బ్లైట్ కోసం ఆకు తిరగేస్తారు కదా, అదే చేత్తో గుడ్లున్న ఆకు నలిపెయ్యండి, పురుగుల్ని ఏరి సబ్బునీళ్ల గిన్నెలో వెయ్యండి. వంగమొక్కలూ చూడాలి, లేకపోతే మళ్లీ అక్కణ్ణించే వస్తాయి. వారం చేస్తే చాలు.

అయితే చుక్కలున్న ప్రతిదాన్నీ ఏరెయ్యకండి. నిగనిగలాడే ఎరుపు మీద ఏడే ఏడు చుక్కలుంటే అది మన మనిషి, ఆకు రసం పీల్చే పేనుబంకని తినేది. అక్షింతల పురుగు వీపు మీద మెరుపుండదు, సన్నటి నూగుతో మాసినట్టు ఉంటుంది. ఆ తేడా ఒకసారి పట్టుకుంటే మళ్లీ మర్చిపోరు.

ఇక దొన్నెల్లా ముడుచుకున్న ఆకులు. నేను ఫొటోలో తేల్చలేనిది ఇదొక్కటే, దీన్ని చేత్తోనే తెలుసుకోవాలి. ముడుచుకున్న ఆకుని వేళ్ల మధ్య నలపండి. మెత్తగా మామూలుగా ఉండి, పై ఆకులే ముడుచుకుంటే గోతంలో నీళ్లు నిలిచాయని అర్థం. సిమెంటు గోతానికి అడుగున కన్నాలు పెట్టారా? లేకపోతే ఇప్పుడే పక్కనించి నాలుగు కన్నాలు పొడవండి. రెండు రోజులు వాన పడనిచోటికి జరిపితే ఆకు విప్పుకుంటుంది. అలాకాక కింది ఆకులనించే ముడుత మొదలై, ఆకు మందంగా తోలులా ఉండి, నలిపితే అప్పడంలా చప్పుడు చేస్తే అది వైరస్, లీఫ్ రోల్ అంటారు. అది మీ పెరట్లో పుట్టింది కాదు, మీరు పాతిన దుంపలోనే వచ్చింది. దీనికి మందు లేదు. ఆ మొక్కని దుంపలతో సహా పీకెయ్యండి. పేనుబంక దాన్ని పీల్చి పక్క మొక్కకి మోసుకుపోతుంది, అందుకే తొందర. ఆ దుంపలు చిన్నవిగా ఉంటాయి, కూర వండుకోవచ్చు. విత్తనానికి దాచొద్దు. ఆకు మీద లేతపచ్చ, ముదురుపచ్చ కలగలిసి మొక్క గిడసబారితే అది ఇంకో రకం వైరస్, దానికీ ఇదే వైద్యం.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. కొరాపుట్ ఎర్రనేలల్లో పులుపు ఎక్కువ, వంగ, టమాటా వేసినచోట వాడుతెగులు తరచుగా చూస్తుంటాం. ఆకు మీద మచ్చ ఉండదు, పసుపు ఉండదు, పచ్చని మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. రాత్రికి తేరుకుంటుంది, మర్నాడు మళ్లీ వాలుతుంది, నాలుగో రోజుకి ఇక లేవదు. నీళ్లు చాలలేదనుకుని పోస్తాం. అలాంటప్పుడు కాండాన్ని నేల దగ్గర కోసి, కోసిన కొస గాజుగ్లాసులో నీళ్లకి తగిలేట్టు కదలకుండా పట్టుకోండి. రెండు మూడు నిమిషాల్లో పాలదారం లాంటిది కిందికి జారితే వాడుతెగులే. ఆ మొక్కా, దాని చుట్టూ మట్టీ తీసెయ్యాలి. ఆ చోట రెండు మూడేళ్లు వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప ఏదీ వెయ్యకూడదు. చోళ్లు చల్లుకోండి, ఇక్కడివాళ్ల మాండియా. లేదా మొక్కజొన్న.

వచ్చే ఏటి సంగతి. బుట్టలో మొలకెత్తినవి పాతడం తప్పని తిట్టను, నేనూ అలాగే మొదలుపెట్టాను. 2024లో బెంగాల్ లారీలు సరిహద్దులో ఆగిపోయి ఇక్కడ కిలో ధర పైకెగసినప్పుడు మా వీధిలో సగంమంది బకెట్లలో ఇవే పాతారు. పేరులోనే బంగాళా ఉన్న దుంప కోసం బెంగాల్ వైపే చూడాల్సి వస్తోంది మరి! కానీ కూరకని అమ్మే దుంపలో వైరస్ ఉందో లేట్ బ్లైట్ ఉందో చూసి పంపేవాడు ఎవడూ లేడు. విత్తనానికని విడిగా పెంచిన దుంప తెచ్చుకోండి. సెమిలిగుడ మీకు కూతవేటు దూరం, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, ఆకులు చూపించినా చెబుతారు. మన కొండల మీద వానాకాలంలో బంగాళాదుంప రైతులే పండిస్తారు కాబట్టి వాళ్లకిది కొత్త కాదు. కుఫ్రి జ్యోతి, కుఫ్రి చంద్రముఖి అని పేర్లు వింటారు. కుఫ్రి అంటే సిమ్లా దగ్గర ఊరు, సిమ్లాలోని బంగాళాదుంప పరిశోధన సంస్థ తన రకాలకి ఆ పేరు తగిలిస్తుంది. ఇంకొక్కటి, వానాకాలంలో దుంపని ముక్కలు కోసి పాతకండి, తడినేలలో కోసిన చోట కుళ్లుతుంది. కోడిగుడ్డంత దుంప అలాగే పాతండి.

ఇప్పుడు నా రెండో తప్పు. చివరి బోదెలో మందు కొట్టినా మచ్చలు పాకుతూ సగం ఆకు నల్లబడితే మొక్కల్ని ఇక కాపాడాలని చూడొద్దు. కాండాల్ని నేల మట్టానికి కోసి ఆకంతా బయటికి మోసెయ్యండి. కానీ దుంపలు వెంటనే తవ్వకండి. ఆకుమీది బీజాలు మట్టిపైన పడి ఉంటాయి, తవ్వేటప్పుడు లేత తొక్క దుంపలకి అంటుకుంటాయి. నా మంచం కింద జరిగింది అదే. బోదె మీద పగుళ్లుంటే మట్టితో కప్పి, పది పదిహేను రోజులు ఆగండి. దుంప తొక్క గట్టిపడుతుంది, పైనున్న బీజాలు చస్తాయి. వాన లేని రోజు చూసి తవ్వి, కడక్కుండా, నీడన గాలికి ఆరబెట్టండి. ఎండలో పెడితే ఆకుపచ్చగా తిరిగి చేదెక్కుతాయి, అవి తినకూడదు. తొక్క కింద ఎర్రగోధుమ రంగు మచ్చలున్నవాటిని, గాటు పడ్డవాటిని విడిగా తియ్యండి. మచ్చ ఎక్కువున్నవి పారెయ్యండి. గాటు మాత్రమే ఉన్నవాటితో ఆ రాత్రికే కూర చేసెయ్యండి. మిగతావి బుట్టలో పలచగా పరిచి వారానికోసారి వాసన చూస్తూ ఉండండి.